ఇల్లు అద్దెకిస్తున్నారా? తాళంచెవి ఇచ్చే ముందే ఈ విషయాలు సరిచూసుకోండి

హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకివ్వడం ఒక్కోసారి ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. గేటుకు టులెట్ బోర్డు తగిలించగానే ఫోన్లు మొదలవుతాయి. ఎవరో వచ్చి చూస్తారు, కిరాయి మాట్లాడుకుంటారు, రెండు నెలల అడ్వాన్స్ ఖాతాలో పడుతుంది, ఆదివారానికి సామాన్ల వ్యాను వచ్చేస్తుంది.

చిక్కులు తర్వాత మొదలవుతాయి. ఆరు నెలలు బాగానే వచ్చిన అద్దె ఆగిపోతుంది. ఖాళీ చేయమంటే 'వచ్చే నెల' అంటారు. లేదంటే వెళ్లిపోయే రోజు పెయింటింగ్ డబ్బుల దగ్గర మాటా మాటా పెరుగుతుంది. అప్పుడు బీరువాలోంచి అగ్రిమెంట్ తీసి చూస్తే, జిరాక్స్ షాపులో ఉన్న నమూనాలో పేర్లు మాత్రమే మార్చి ఉంటాయి. కావాల్సిన ఒక్క మాట అందులో ఉండదు.

ఒక విషయం మొదటే గుర్తుపెట్టుకోండి. అద్దెకిచ్చాక కూడా ఇల్లు మీదే. కానీ దాని స్వాధీనం అద్దెదారు చేతిలో ఉంటుంది. ఆ స్వాధీనాన్ని మీ అంతట మీరు బలవంతంగా వెనక్కి తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. గొడవ వచ్చిన రోజు మీకు పనికొచ్చేవి మొదటి రోజు రాసుకున్న ఒప్పందం, నెలనెలా దాచుకున్న లెక్క, సరిగ్గా ఇచ్చిన నోటీసు. ఈ మూడింటినీ ఎలా సిద్ధం చేసుకోవాలో చూద్దాం. ఇందులో చాలా భాగం కేంద్ర చట్టాల మీద ఆధారపడినది. తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

అద్దెదారు వివరాలు: ఏం అడగాలి?

బ్యాచిలర్లా, ఫ్యామిలీయా అన్న ప్రశ్నతోనే చాలామంది ఆగిపోతారు. అంతకంటే అవసరమైనవి వేరే ఉన్నాయి. ఏం పని చేస్తారు, ఎక్కడ చేస్తారు, ఇంతకుముందు ఏ ఇంట్లో ఉన్నారు, ఎందుకు మారుతున్నారు, ఈ ఇంట్లో మొత్తం ఎంతమంది ఉంటారు అన్నవి అడగండి. పాత యజమాని నంబరు తీసుకుని ఒక్కసారి మాట్లాడితే చాలా విషయాలు తెలుస్తాయి.

గుర్తింపు కార్డు, ఆఫీసు ఐడీ నకలు, ఫొటో, ఊళ్లో ఉన్న దగ్గరి బంధువు ఫోన్ నంబరు తీసుకోండి. ఆధార్ అయితే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ కాపీ చాలు. ఆ కాపీని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం లాంటివి చేయకండి.

అద్దెదారు వివరాలను పోలీసులకు ఇవ్వడం మీకే రక్షణ. మీ పరిధిలోని స్టేషన్‌లో ఇవ్వొచ్చు. తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్‌లోనూ ఈ నమోదు సదుపాయం ఉంది. విదేశీయులకు ఇల్లు ఇస్తే మాత్రం 24 గంటల్లోగా ఎఫ్ఆర్ఆర్ఓ పోర్టల్‌లో వివరాలు నమోదు చేయాలి. ఒక గది ఇచ్చినా ఈ నిబంధన వర్తిస్తుంది.

ఆన్‌లైన్ ప్రకటన పెడితే ఈ మోసం గమనించండి

అద్దె వెబ్‌సైట్లలో ఇల్లు పెట్టిన యజమానులకు తరచూ ఒకే రకం ఫోన్ వస్తుంటుంది. 'నేను ఆర్మీలో పనిచేస్తాను, మీ ఊరికి ట్రాన్స్‌ఫర్ అయింది, ఫొటోలు చూశాను, ఇల్లు నచ్చింది' అంటారు. ఇల్లు చూడకుండానే అడ్వాన్స్ పంపుతామంటారు. నమ్మకం కోసం ఐడీ కార్డు ఫొటో పంపుతారు. తర్వాత ఒక క్యూఆర్ కోడ్ పంపి, 'ఇది స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీకు వస్తుంది' అంటారు.

యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే డబ్బు మీ ఖాతా నుంచి వెళ్తున్నట్టే. ఒకవేళ మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా ఫిర్యాదు చేస్తే డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

అగ్రిమెంట్ 11 నెలలకే ఎందుకు రాస్తారు?

రిజిస్ట్రేషన్ చట్టం 1908లోని సెక్షన్ 17 ప్రకారం, ఏడాదికి మించిన గడువుతో రాసుకునే లీజు పత్రాన్ని తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. ఆస్తి బదిలీ చట్టం 1882లోని సెక్షన్ 107 కూడా ఇదే చెబుతుంది. స్టాంపు డ్యూటీ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పని తప్పించుకోవడానికి 11 నెలల అలవాటు వచ్చింది. 

తప్పు జరిగేది ఎక్కడంటే, రెండేళ్లకో మూడేళ్లకో అగ్రిమెంట్ రాసుకుని నోటరీతో సరిపెట్టుకోవడంలో. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్‌తో సమానం కాదు. రిజిస్టర్ చేయాల్సిన పత్రాన్ని చేయకపోతే, అందులోని గడువు, అద్దె పెంపు లాంటి షరతులను కోర్టులో రుజువుగా చూపించలేరు. అద్దెదారు ఇంట్లో ఉన్నారు, అద్దె కడుతున్నారు అన్నవి మాత్రమే మిగులుతాయి. అలాంటి సందర్భంలో ఆ అద్దెను నెలవారీ అద్దెగానే చూడాలని సుప్రీంకోర్టు 2000లో ఆంథోనీ వర్సెస్ కె.సి.ఇట్టూప్ కేసులో చెప్పింది. అంటే మూడేళ్ల లాకిన్ రాసుకున్నామని మీరు అనుకుంటారు, చట్టం దృష్టిలో అది నెలనెలా సాగే అద్దె.

11 నెలలు పూర్తయ్యాక కొత్త పత్రం రాయకుండా అద్దె తీసుకుంటూ పోతే ఏమవుతుంది? సెక్షన్ 116 ప్రకారం నివాస గృహానికి అది కూడా నెలవారీ అద్దెగా కొనసాగుతుంది. మీ హక్కు ఎక్కడికీ పోదు, కానీ పాత పత్రంలో రాసుకున్నవన్నీ యథాతథంగా నడుస్తాయన్న భరోసా ఉండదు. గడువు ముగిసే నెలలోనే కొత్త అగ్రిమెంట్ రాసుకోండి.

షాపు, ఆఫీసు, హాస్టల్‌కు ఇచ్చేటప్పుడు మాత్రం 11 నెలలతో నెట్టుకురావద్దు. అక్కడ అవతలి వారు ఇంటీరియర్లకు డబ్బు పెడతారు, ఎక్కువ కాలం ఉంటారు. ఖర్చయినా రిజిస్టర్డ్ లీజే మేలు. మొత్తం అద్దె, గడువును బట్టి డ్యూటీ ఎంతవుతుందో రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖల వెబ్‌సైట్లలో చూసుకోవచ్చు.

అగ్రిమెంట్‌లో ఈ మాటలు ఉన్నాయా?

పేర్లు, చిరునామా, అద్దె మొత్తం ఎలాగూ ఉంటాయి. గొడవలు వచ్చేది మిగతా వాటి దగ్గర. ఇవి రాశారో లేదో చూసుకోండి.

• అద్దె ఏ తేదీలోగా, ఏ ఖాతాలో వేయాలి. ఆలస్యమైతే ఏం చేస్తారు.

• మెయింటెనెన్స్, నీళ్ల ట్యాంకర్, లిఫ్ట్, కామన్ కరెంటు ఎవరు కట్టాలి. అసోసియేషన్ ప్రత్యేకంగా వసూలు చేసే పెద్ద ఖర్చు, అంటే బయటి గోడలకు రంగులు, లిఫ్ట్ మార్పిడి లాంటివి యజమానివేనని స్పష్టంగా రాయండి.

• ఏడాదికి అద్దె ఎంత శాతం పెరుగుతుంది. సాధారణంగా 5 నుంచి 10 శాతం రాసుకుంటారు. ఏమీ రాయకపోతే మీకు నచ్చినప్పుడు పెంచడానికి వీలుండదు.

• ఖాళీ చేయాలంటే ఎవరు ఎన్ని రోజుల ముందు చెప్పాలి. గడువు మధ్యలో కూడా నోటీసుతో ఖాళీ చేయించే హక్కు మీకు కావాలంటే, ఆ మాట కచ్చితంగా రాయాలి.

• ఇంకొకరికి అద్దెకివ్వడానికి వీల్లేదన్న షరతు. ఇది చాలామందికి తెలియదు. పత్రంలో వద్దని రాయకపోతే, అద్దెదారు మరొకరికి ఇవ్వొచ్చని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 చెబుతోంది. పక్క ఊరికి ఉద్యోగం మారిన కుర్రాడు గదిని స్నేహితుడికి అప్పగించి వెళ్లిపోతే, మీ దగ్గర ఆ షరతు ఉందా లేదా అన్నదే ముఖ్యమవుతుంది.

• నివాసం కోసమే వాడాలి అన్న మాట. అందులో ట్యూషన్ సెంటరో, హాస్టలో నడిపితే కరెంటు కేటగిరీ, ఆస్తి పన్ను లెక్క రెండూ మారతాయి. ఆ బిల్లు మీ మీదే పడుతుంది.

• పెంపుడు జంతువులు, పార్కింగ్, గోడలకు మేకులు, ఏసీ కోసం రంధ్రాలు లాంటి చిన్న విషయాలు. చిన్నవే అయినా వీటి మీదే రోజూ తగువులు.

అడ్వాన్స్ ఎంత తీసుకోవచ్చు? ఎంత పట్టుకోవచ్చు?

కేంద్ర కేబినెట్ 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాస గృహాలకు గరిష్ఠంగా రెండు నెలల అద్దె, వాణిజ్య భవనాలకు ఆరు నెలల అద్దె డిపాజిట్‌గా ఉండాలని సూచించింది. అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. అయినా ఆ పరిమితిని పాటిస్తే మీకూ, వారికీ మంచిది. వెళ్లే రోజు తిరిగివ్వాల్సిన మొత్తం చిన్నదైతే గొడవా చిన్నదే.

అడ్వాన్స్‌ను మీ ఆదాయంగా చూడకండి. అది తిరిగివ్వాల్సిన డబ్బు. ఖర్చయిపోయి, కొత్త అద్దెదారు అడ్వాన్స్ వస్తేనే పాతవారికి ఇస్తామనడం వల్లే సగం తగాదాలు మొదలవుతాయి.

ఇక పెయింటింగ్. వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యత లేదని సెక్షన్ 108 చెబుతుంది. మూడేళ్లు ఉన్న ఇంట్లో గోడల రంగు వెలిసిపోవడం సహజ అరుగుదల. పగిలిన వాష్ బేసిన్, విరిగిన తలుపు, పిల్లలు గోడ నిండా గీసిన బొమ్మలు అలాంటివి కావు. 'ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్‌కు' అన్న పద్ధతి మన నగరాల్లో ఉంది. అది మీకు కావాలంటే మొదట్లోనే అగ్రిమెంట్‌లో రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోండి. రాయకుండా చివరి రోజు కోత పెడితే, అద్దెదారు దాన్ని ప్రశ్నించగలరు.

ఇల్లు అప్పగించే రోజు అరగంట కేటాయించండి

అద్దెదారు ఎదుటే ప్రతి గదినీ ఫోన్‌లో వీడియో తీయండి. ట్యాపులు తిప్పి, లైట్లు, గీజర్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి చూపించండి. కరెంటు మీటర్ రీడింగ్ ఫొటో తీయండి. ఫ్యాన్లు ఎన్ని, ట్యూబులైట్లు ఎన్ని, తాళంచెవులు ఎన్ని ఇచ్చారో ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఆ వీడియోను అదే రోజు వాట్సాప్‌లో వారికి పంపండి. తేదీ దానంతట అదే నమోదవుతుంది. వెళ్లే రోజు 'ఈ పగులు ముందే ఉంది' అన్న వాదనకు అదే సమాధానం.

అద్దె, కరెంటు, నీళ్లు

అద్దె బ్యాంకు ఖాతాలోకే తీసుకోండి. నగదుగా తీసుకుంటే రసీదు ఇచ్చి నకలు దాచండి. ఏ నెల అద్దో రాయమనండి. 'మార్చి అద్దె' అని ఒక్క మాట ఉంటే, ఏది బకాయి అన్న లెక్క తేలికవుతుంది.

ప్రతి పోర్షన్‌కూ విడి మీటర్ ఉంటే మంచిది. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద అర్హత ఉన్న రేషన్ కార్డు కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్ 2024 మార్చి నుంచి అమలవుతోంది. అద్దెకున్నవారికీ ఇది వర్తిస్తుంది. మీ పేరిట ఉన్న సర్వీస్ నంబరుకు వారి రేషన్ కార్డు జత చేసినంత మాత్రాన మీటర్ వారిదైపోదు. ఆ భయంతో అడ్డు చెప్పకండి. రెండు పోర్షన్లకు ఒకే మీటర్ ఉంటే, కలిపి 200 యూనిట్లు దాటి ఇద్దరూ నష్టపోతారు.

ఖాళీ చేసే నెలలో కరెంటు, నీళ్లు, గ్యాస్ పైప్‌లైన్ బిల్లులు కట్టారో లేదో చూసుకుని, అప్పుడు అడ్వాన్స్ లెక్క తేల్చండి.

రిపేర్ ఎవరిది? మీరు ఇంట్లోకి ఎప్పుడు వెళ్లొచ్చు?

స్లాబు లీకేజీ, గోడలోపలి పైపులు, వైరింగ్ లాంటివి యజమాని చూసుకోవడం, బల్బులు, ట్యాపు వాషర్లు, మూసుకుపోయిన సింకు లాంటివి అద్దెదారు చూసుకోవడం మామూలు పద్ధతి. ఈ విభజనను అగ్రిమెంట్‌లో పెట్టండి. మీరు చేయాల్సిన రిపేర్‌ను అద్దెదారు చెప్పినా తగిన సమయంలో చేయకపోతే, వారే చేయించి ఆ ఖర్చును అద్దెలో తగ్గించుకునే హక్కు సెక్షన్ 108 ఇచ్చింది. వాన నీళ్లు కారుతున్నాయని మెసేజ్ వస్తే 'చూద్దాం' అని వదిలేయకండి.

ఇంటిని పరిశీలించే హక్కు మీకుంది, కానీ సరైన వేళలో, ముందుగా చెప్పి. నమూనా చట్టం కనీసం 24 గంటల ముందు చెప్పాలంటోంది. మీ దగ్గర స్పేర్ తాళంచెవి ఉంది కదా అని వాళ్లు లేనప్పుడు తలుపు తీయకండి. ఇంట్లోంచి ఏదైనా పోయిందని వాళ్లంటే మీ దగ్గర సమాధానం ఉండదు.

అద్దె ఆగిపోతే

మొదటి నెలలోనే స్పందించండి. ఫోన్ చేసి కారణం అడగండి. ఉద్యోగం పోయిందా, ఆస్పత్రి ఖర్చా అని తెలుసుకుంటే వాయిదాల్లో తీసుకోవచ్చు. అలా ఒప్పుకున్నా ఎంత బకాయి, ఎప్పటిలోగా అన్నది మెసేజ్‌లో రాయించుకోండి. అవతలి వారు 'సరే, ఈ నెల 20కి ఇస్తాను' అని రాసిన మెసేజ్ రేపు మీకు రుజువు.

'అడ్వాన్స్ ఉంది కదా' అనుకుని నాలుగైదు నెలలు ఊరుకోవద్దు. రెండు నెలల అడ్వాన్స్ రెండు నెలలకే అయిపోతుంది. పాత బకాయిల కోసం కోర్టుకు వెళ్లడానికీ గడువుంది. అద్దె చెల్లించాల్సిన తేదీ నుంచి మూడేళ్లలోపే దావా వేయాలి.

పోలీస్ కేసు పెడితే భయపడి కడతారని కొందరు సలహా ఇస్తారు. అద్దె కట్టకపోవడం సివిల్ వివాదమే గానీ, దానంతట అదే క్రిమినల్ నేరం కాదని సుప్రీంకోర్టు 2022లో నీతూ సింగ్ కేసులో తేల్చింది. పోలీసులు ఇల్లు ఖాళీ చేయించి ఇవ్వరు.

ఖాళీ చేయించాలంటే సరైన దారి

తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఇంకా ఉంది. కానీ నగరపాలక సంస్థల పరిధిలో నెలకు రూ.3,500 కంటే ఎక్కువ అద్దె వచ్చే భవనాలకు అది వర్తించదు. అంటే ఇవాళ్టి హైదరాబాద్ అద్దెల్లో చాలా వరకు రెంట్ కంట్రోల్ కోర్టు పరిధిలోకి రావు. వాటికి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నోటీసు ఇచ్చి, సివిల్ కోర్టుకు వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్ 2017లో వేరే అద్దె చట్టం చేసుకుంది. విజయవాడ, విశాఖపట్నం లాంటి చోట్ల ఇల్లున్నవారు నోటీసుకు ముందే స్థానిక న్యాయవాదితో ఆ చట్టం సంగతి మాట్లాడుకోవాలి.

నెలవారీ అద్దె అయితే సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసు ఇవ్వాలి. మీ అగ్రిమెంట్‌లో నెల రోజులని రాసుకుంటే నెల రోజులే ఇవ్వాలి. నోటీసు రాతపూర్వకంగా, మీ సంతకంతో ఉండాలి. అది అందిన రోజు నుంచి గడువు లెక్క మొదలవుతుంది. పోస్టులో పంపొచ్చు, చేతికివ్వొచ్చు, ఇంట్లోని కుటుంబ సభ్యులకు ఇవ్వొచ్చు. అవేవీ కుదరకపోతే ఇంటికి కనిపించేలా అతికించవచ్చు. స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోవడం అన్నిటికంటే మేలు. వాట్సాప్‌లో కూడా పంపండి, కానీ దాని మీదే ఆధారపడకండి.

నోటీసు ఇలా ఉంటే చాలు:

'మీరు మా ఇంటి నంబరు … లో నెలకు రూ. … అద్దెపై ఉంటున్నారు. ఈ అద్దె ఒప్పందాన్ని ఇంతటితో ముగిస్తున్నాను. ఈ నోటీసు అందిన నాటి నుంచి 15 రోజులు పూర్తయ్యేసరికి ఇల్లు ఖాళీ చేసి స్వాధీనం అప్పగించగలరు. … నెల నుంచి … నెల వరకు బకాయి ఉన్న అద్దె రూ. … చెల్లించగలరు. లేనిపక్షంలో స్వాధీనం, బకాయి, నష్టపరిహారం కోసం కోర్టును ఆశ్రయిస్తాను.'

నోటీసు తర్వాత వాళ్లు అద్దె పంపితే జాగ్రత్త. మీరు మౌనంగా తీసుకుంటే నోటీసును మీరే వదులుకున్నారని వాదించవచ్చు. 'ఈ మొత్తాన్ని ఇంటిని వాడుకున్నందుకు పరిహారంగా మాత్రమే తీసుకుంటున్నాను, నోటీసు కొనసాగుతుంది' అని వెంటనే రాతలో తెలపండి.

గడువు దాటినా వెళ్లకపోతే దావా వేయాలి. అయితే కోర్టు మెట్లెక్కే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. అక్కడి లోక్ అదాలత్‌లో దావా వేయకముందే రాజీకి ప్రయత్నించవచ్చు. కుదిరితే ఆ అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. సమాచారం కోసం 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. రెండు నెలల బకాయి వదులుకుని, వచ్చే నెలాఖరుకు ఖాళీ చేసేలా రాజీ కుదిరితే, ఏళ్ల తరబడి సాగే దావాతో పోల్చి చూసుకోండి. చాలామందికి అదే లాభం.

కోపంలో ఈ పనులు చేయొద్దు

కరెంటు తీసేయడం, నీళ్లు ఆపేయడం, పైన మరో తాళం వేయడం, సామాన్లు బయట పెట్టించడం. ఇవన్నీ మీ బలమైన కేసును బలహీనం చేస్తాయి. గడువు ముగిసినా సరే, స్వాధీనంలో ఉన్నవారిని చట్ట ప్రకారం తప్ప వెళ్లగొట్టకూడదని సుప్రీంకోర్టు 1989లోనే కృష్ణారామ్ మహాలే కేసులో చెప్పింది. బలవంతంగా బయటకు పంపితే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేసి వారు తిరిగి స్వాధీనం పొందవచ్చు. ఇల్లు మీదేనన్న వాదన కూడా అక్కడ పనికిరాదు. అప్పటిదాకా అద్దె ఎగ్గొట్టిన మనిషి కోర్టులో బాధితుడవుతాడు, మీరు ప్రతివాది అవుతారు.

ఇంటికి తాళం వేసి, సామాన్లు వదిలేసి, ఫోన్ ఎత్తకుండా మాయమైన సందర్భంలోనూ తాళం పగలగొట్టకండి. నోటీసు పంపండి, స్టేషన్‌లో సమాచారం ఇచ్చి రసీదు తీసుకోండి, న్యాయవాది సలహాతోనే ముందుకు వెళ్లండి.

పన్నుల సంగతి

అద్దె ఆదాయాన్ని రిటర్నులో చూపించాలి. ఏడాది అద్దెలోంచి మీరు కట్టిన ఆస్తి పన్ను తీసేసి, మిగిలిన దాంట్లో 30 శాతం మినహాయింపు వస్తుంది. నిజంగా మరమ్మతులు చేయించినా, చేయించకపోయినా ఆ 30 శాతం మారదు. ఉదాహరణకు నెలకు రూ.25,000 అద్దె అయితే ఏడాదికి రూ.3,00,000. ఆస్తి పన్ను రూ.10,000 కట్టారనుకుంటే మిగిలేది రూ.2,90,000. అందులో 30 శాతం, అంటే రూ.87,000 పోగా రూ.2,03,000 మీ ఆదాయంలో కలుస్తుంది. ఇంటి రుణం ఉంటే వడ్డీకీ మినహాయింపు ఉంటుంది.

నెల అద్దె రూ.50,000 దాటితే, జీతగాడైన అద్దెదారు కూడా 2 శాతం టీడీఎస్ కోసి మీ పాన్ మీద జమ చేయాలి. 2024 అక్టోబరుకు ముందు ఇది 5 శాతం ఉండేది. ఆ మొత్తం మీ పన్ను ఖాతాలో కనిపిస్తుందో లేదో చూసుకోండి. ఏడాది అద్దె లక్ష దాటితే హెచ్ఆర్ఏ కోసం అద్దెదారు మీ పాన్ అడుగుతారు. ఇవ్వడానికి వెనకాడితే, ఆదాయం దాస్తున్నారన్న అనుమానానికి మీరే తావిచ్చినట్టు.

యజమాని ఎన్ఆర్ఐ అయితే లెక్క వేరు. అద్దె ఎంతైనా అద్దెదారు 30 శాతం, దానిపై సెస్సు కోయాలి. అమెరికాలో ఉంటూ కొండాపూర్ ఫ్లాటు అద్దెకిచ్చేవారు ఈ మాట అద్దెదారుకు ముందే చెప్పకపోతే, తర్వాత ఇద్దరికీ ఇబ్బంది. ఇక్కడ తల్లిదండ్రులో, తమ్ముడో అగ్రిమెంట్ మీద సంతకం చేయాలంటే నోటి మాట సరిపోదు, పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. విదేశంలో రాసిన ఆ పత్రం భారత్‌కు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి.

సందేహాలు, సమాధానాలు

పన్నెండేళ్లు ఉంటే ఇల్లు అద్దెదారుదైపోతుందా?
కాదు. అద్దెదారుగా వచ్చిన వ్యక్తి, ఆ అద్దె సాగుతున్నంత కాలం యజమాని హక్కును కాదనడానికి వీల్లేదు. ఎన్నేళ్లున్నా అది అనుమతితో ఉన్నట్టే. మీ చేతిలో అగ్రిమెంటు, అద్దె వచ్చిన బ్యాంకు లెక్క ఉంటే చాలు. ఏమీ రాసుకోకుండా, అద్దె తీసుకోకుండా బంధువులకో తెలిసినవారికో ఏళ్ల తరబడి వదిలేసిన ఇళ్లతోనే చిక్కు వస్తుంది.

మా చిరునామాతో అద్దెదారు ఓటర్ కార్డు, గ్యాస్ కనెక్షన్ తీసుకుంటే ఇబ్బందా?
లేదు. అవి వారు అక్కడ ఉంటున్నారని చెబుతాయి, ఇల్లు వారిదని చెప్పవు.

అద్దెదారు చనిపోతే?
కుటుంబ సభ్యులను ఆ మరుసటి నెలే వెళ్లిపొమ్మనలేరు. అద్దె హక్కు వారసులకు వస్తుంది. వారి పేరిట కొత్త అగ్రిమెంట్ రాసుకోండి, లేదా పైన చెప్పిన నోటీసు పద్ధతి పాటించండి.

ఖాళీ చేసిన రోజు ఏం రాయించుకోవాలి?
'ఇల్లు ఖాళీ చేసి ఫలానా తేదీన తాళంచెవులు అప్పగించాను. అడ్వాన్స్‌లోంచి ఫలానా ఖర్చులు పోగా మిగిలిన మొత్తం అందింది. ఇక ఇరువైపులా బాకీ లేదు' అని రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఖర్చులకు బిల్లులు చూపించండి. అడ్వాన్స్ అదే రోజు తిరిగివ్వండి. తర్వాత వచ్చేవారు పాత యజమాని ఎలాంటివారని వాకబు చేసేది కూడా వీళ్లనే.